కడ్డీకి కడివెడు నీళ్లు

ఆ ఉదయం ఆకాశం నీలంగా లేదు. పోడు కాల్చిన పొగ కొండల మీద తెల్లగా పరుచుకుంది. వాన పడి నెల దాటింది.

వైర్‌లెస్ ఆపరేటర్ వరహాలరావు పళ్లు తోముకుంటూ ఆసుపత్రి వెనక్కి వెళ్లి ఆగిపోయాడు.

ఒక ముసలామె, నేలలో పాతిన ఇనప కడ్డీ మొదట్లో కడివెడు నీళ్లు పోస్తోంది.

"ఓయ్ అవ్వా! ఏటి సేత్తన్నావు?"

"నీలు పోత్తన్నాను బాబూ."

"అది తులసి మొక్కేటి, సిగురెయ్యడానికి?"

ఆసుపత్రి బంట్రోతు బుధు పకపకా నవ్వాడు.

"అవతల కొండ మనిసి బాబూ. కూతురింటికొచ్చినాది. పేరు సోములమ్మ. రోజూ పొద్దున్నే పోత్తాది."

"దేనికి? మొక్కుబడా?"

సోములమ్మ కడవ చంకనెత్తుకుంది.

"ఎండనీకు," అని మాత్రం అంది.

వరహాలరావుకు ఒళ్లు మండింది. ముంచింగిపుట్టుకు ఎగువనున్న ఆ ఊళ్లో వైర్‌లెస్ సెట్టు నిలబెట్టింది తను. బూరుగు చెట్టు నుంచి వెదురు గడ దాకా ఏరియల్ తీగ లాగాడు. సెట్టుతో వచ్చిన కాగితాల్లో ఉన్నట్టే పెట్టె నుంచి ఇంకో తీగ తెచ్చి ఈ కడ్డీకి కట్టాడు. స్పీకరు వసారాలో వేలాడదీశాడు. ఆఖరున సెట్టుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఇప్పుడు ఈ ముసలమ్మ తన దేవతను కూడా తెచ్చి పెడుతోంది.

"ఇలాగొదిలేస్తే రేపు కోడిని కూడా కోత్తాది," అన్నాడు.

ఆ సాయంత్రమే కడ్డీ చుట్టూ ముళ్లకంప వేయించాడు.

మర్నాడు సోములమ్మ కడవతో వచ్చింది. కంపను చూసింది. వెనక్కి తిరిగింది.

సెట్టు వచ్చాక ఆ ఊరికి రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు సంతే. దిగువ కేంద్రం నుంచి పిలుపు వస్తుంది. జనం స్పీకరు కింద చేరతారు. బుధు ఇంట్లో పెళ్లాంతో కూడా "అంబలి పొయ్యి, ఓవర్" అంటున్నాడు.

అతని పెళ్లాం కనక నిండు చూలాలు. కిందటి కాన్పుకు డోలీ కట్టి మోసుకెళుతుంటే బిడ్డ దారిలోనే పోయింది. ఈసారి నొప్పులు వస్తే పెట్టెలో ఒక్క కేక, దిగువ నుంచి జీపు. అదే బుధు ధైర్యం.

కంప వేసిన వారానికి సెట్టు మొండికేసింది.

దిగువ మాట ఇక్కడికి వినిపిస్తోంది. ఇక్కడి మాట దిగువకు అందడం లేదు.

"అబ్బా!" మైకు పెదవికి తగలగానే షాకు కొట్టి వరహాలరావు మూతి పట్టుకున్నాడు.

"ఏటైనాది బాబూ?"

"మైకు కరిసిందిరా."

"కుక్కేటి, కరవడానికి?"

బ్యాటరీ మార్చాడు. ఏరియల్ బిగించాడు. కాగితాలన్నీ తిరగేశాడు. రెండో రోజూ అంతే.

"మీ మాట అందడం లేదు," అంది స్పీకరు. "రేపూ ఇంతే అయితే సెట్టు వెనక్కి తెచ్చెయ్యండి. ఓవర్."

వసారాలో జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

మూడో రోజు తెల్లవారగానే బుధు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, ఆ అవ్వ నీలు పోసినన్నాళ్లూ బానే పలికినాది."

"అమ్మోరికి కోపమొచ్చిందంటావా?"

"నాకేటి తెలుసు? కనకకి మాత్రం నేడో రేపో."

వరహాలరావు లేచి ఆసుపత్రి వెనక్కి నడిచాడు. ముళ్లకంప తనే లాగి పారేశాడు. గీసుకుపోయిన చేతులతోనే సోములమ్మ కూతురింటికి వెళ్లాడు.

"అవ్వా, నీ పూజ నువ్వు సేసుకో. బేగి రా."

సోములమ్మ గునపం పట్టుకుని వచ్చింది.

"పెట్టె తీగలు ఊడదీసినావా?"

"లేదు."

"తియ్యి. తీసినాకే దీనిమీద సెయ్యెయ్యాల."

తీశాడు. ఆమె కడ్డీ చుట్టూ మోకాటి లోతు తవ్వింది. అంతా గులకరాళ్లు, దుమ్ము.

"బొగ్గులు తే," అంది. బుధు పొయ్యిలోంచి తెచ్చాడు.

"ఉప్పు." చేటెడు రాళ్లుప్పు తెచ్చాడు.

ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి కాలితో తొక్కింది. తీగ ముడి విప్పి, కొడవలితో తుప్పు గీకి, మళ్లీ బిగించింది. ఆరు కడవల నీళ్లు పోయించింది.

వరహాలరావు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పసుపు తేనా?" అనడిగాడు మెల్లగా.

"కూరలో ఎయ్యి," అందామె.

పన్నెండయింది. మైకు కరవలేదు.

"మీ మాట గంట కొట్టినట్టు వినబడుతోంది," అంది స్పీకరు. "సెట్టు అక్కడే ఉంచండి. ఓవర్."

వసారా అంతా "ఓవర్! ఓవర్!" అని అరిచింది. బుధు బంట్రోతు టోపీ పైకి విసిరాడు. కనక కడుపు మీద చెయ్యి వేసుకుని, గోడకు జారగిలబడి నవ్వింది.

బుధు వరహాలరావునూ సోములమ్మనూ తన ఇంటికి భోజనానికి లాక్కుపోయాడు. అడ్డాకుల్లో సామ అన్నం, ఎండు చేపల పులుసు. తనే వడ్డించి, కనకతో పాటు తనూ కూర్చున్నాడు.

"అవ్వా," అన్నాడు వరహాలరావు, "ఆ దేవత పేరు సెప్పు. రేపు నేనే కొబ్బరికాయ కొడతాను."

సోములమ్మ అతని వంక వింతగా చూసింది.

"దేవతేటి బాబూ? అది ఎర్తు గొయ్యి. నువ్వు పాతింది రాతిమట్టిలో. తడి లేకపోతే పెట్టెలో కరెంటు నేలకి దిగదు. దిగకపోతే నీ మూతికొత్తాది."

అతను చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాడు.

"నీకిదంతా ఎలాగ..."

"తిను. సల్లారిపోతాది."

నలుగురూ ఆకులు ఖాళీ చేశారు. వాళ్లలో ఒకరు, మాచ్‌ఖండ్ పవర్‌హౌసు కట్టినన్నాళ్లూ అక్కడి ఎర్తు గోతులు తవ్విన ముఠాకు మేస్త్రి అని మిగతా ముగ్గురికీ ఆమె కొండ దాటి వెళ్లిపోయాక గానీ తెలియలేదు.