వంగిన చెట్టు కింద చోటు

“ఏం అన్నయ్యగారూ, ఏమైనా పడ్డాయా?”

సెలూన్ ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఎవరో నడివయసావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చతికిలబడుతోంది. చెరువు చుట్టూ అంత గట్టు ఉంటే ఆవిడకి ఈయన పక్కనే చోటు దొరికింది.

“ఇంకా లేదమ్మా,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. నువ్వూ తగ్గించు తల్లీ అని దానర్థం. ఆవిడకి అర్థమైతే కదా!

వారమంతా కత్తెర ఆడిస్తూ వచ్చిన ప్రతివాడి గోడూ వింటాడాయన. సెలవు ఒక్కరోజు. ఆ పూట మనిషి గొంతు చెవిన పడకుండా, గాలం వేసుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చోవాలి. ఆయనకి ఉన్న సరదా అదొక్కటే. ఇవాళ దానికీ ముప్పొచ్చింది. “ఈసారి కూడా ఉత్త చేతులతో వచ్చారో, వచ్చే సెలవు నుంచి ఇంట్లో కూర్చుని నాతో కబుర్లు చెప్పాల్సిందే,” అని భార్య తేల్చి చెప్పింది. అందుకే చీకటితోనే లేచి వచ్చి, ఈ వంగిన చెట్టు కింద చోటు పట్టాడు. ఎండెక్కేసరికి చేపలన్నీ ఈ నీడలోకే చేరతాయి. ఈ చోటంటే అందరికీ ప్రాణమే గానీ, గాలం వేసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ముందొచ్చి స్టూలు వేసినవాడిదే చోటు. వాణ్ణి ఇంకొకడు లేవమనకూడదు, పక్కన నిలబడి నిట్టూర్పులు కూడా విడవకూడదు.

“మా తోటికోడలు ఉంది చూశారూ,” అంది ఆవిడ.

ఆయనెక్కడ చూశాడు! నీళ్ళ మీద తేలుతున్న బెండు వంకే చూస్తున్నాడు.

“మా ఇంట్లో నిచ్చెన పట్టుకెళ్ళిందండీ. గోడకి రంగేసుకుని సాయంత్రానికి ఇచ్చేస్తానంది. ఇచ్చిందా? ఇవ్వలేదు. నేనే సిగ్గు విడిచి అడగడానికి వెళ్ళాను. ఏం చేసిందనుకున్నారు?”

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ కుర్చీలో మనిషి కథ మధ్యలో ఆగితే, మాట అందించి ముందుకు తోయడం ఆయనకి చేతిలో దువ్వెనంత అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఏం చేసింది?”

ఇంకేముంది! ఆవిడ సర్దుకుని బాసింపట్టు వేసుకుంది.

“నిచ్చెన మీదకి తీగ పాకించేసిందండీ! ‘ఇప్పుడు తీస్తే తీగ చచ్చిపోతుంది అక్కా, ఆ పాపం నీకే చుట్టుకుంటుంది’ అని నన్నే బెదిరించింది.”

“అయ్యయ్యో! తర్వాత?” అనేసి ఆయన నాలిక కరుచుకున్నాడు.

తర్వాత మరిది వచ్చాడు, అత్తగారు వచ్చింది, నిచ్చెన ఎవరు కొన్నారన్న దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. బెండు మాత్రం కదల్లేదు.

“అమ్మా, కాస్త నెమ్మదిగా మాట్లాడండి. చప్పుడుకి చేపలు రావు.”

“చేపలకి చెవులెక్కడివి అన్నయ్యగారూ? ఈ చేతుల్తో ఎన్ని కడిగానో! ఒక్కదానికైనా చూళ్ళేదు.”

“చెవుల్లేకపోయినా వాటికి తెలుస్తుందమ్మా.”

“అలాగా? అయితే గుసగుసగా చెప్తాలెండి.”

ఆ గుసగుస అవతలి గట్టుకి నిక్షేపంగా వినిపించి ఉంటుంది.

అంతలో బెండు ఒక్కసారి ఒణికింది. మళ్ళీ ఒణికింది. బుడుంగున మునిగింది. ఆయన ఊపిరి బిగబట్టి, మెల్లగా లేచి, కర్ర మీద చెయ్యి బిగించాడు.

“మునిగింది, మునిగింది! లాగండి అన్నయ్యగారూ, లాగండి!” అంటూ ఆవిడ లేచి గంతేసింది. గట్టు అంచున మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో ధబ్బున పడింది. దారం ఒదులైపోయింది. పైకి తీస్తే కొక్కెం బోసిగా ఉంది, ఎర కూడా లేదు.

“పోయిందా? నా నోరు పడిపోను! పెద్దదేనా?”

“పెద్దదేనమ్మా.”

“పోనీలెండి, దానికీ ఇంటి దగ్గర పిల్లలుంటాయి. పిల్లలంటే గుర్తొచ్చింది, మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఏం జరిగిందో తెలుసా?”

“ఏం జరిగింది?” అంది ఆయన నోరు. ఆ నోటిని పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది ఆయనకి. ఇక లాభం లేదని దారం చుట్టడం మొదలుపెట్టాడు.

“అదేంటి అన్నయ్యగారూ, అప్పుడే లేస్తున్నారా? పెళ్ళివారింకా దిగనే లేదు!”

“అటు తూము దగ్గర వేసుకుంటానమ్మా.”

తూము దగ్గర నాచు తప్ప ఏమీ పడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. వచ్చే సెలవు ఇంట్లో ఎలా గడవబోతోందో కూడా తెలుసు. అయినా కోపం రాలేదు. పాపం, ఇంట్లో ఈవిడ మాట వినే నాథుడు లేడు కాబోలు, ఒక్కతీ ఇలా చెరువుగట్ల వెంట తిరుగుతోంది అనుకున్నాడు. ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఆవిడకి అందించాడు.

“తాగండమ్మా, గొంతు ఎండిపోయి ఉంటుంది.”

“మీది చల్లటి మనసు అన్నయ్యగారూ,” అని ఆవిడ అందుకుంది.

ఆయన స్టూలు మడిచి చంకన పెట్టుకుని గట్టు వెంట నడిచాడు. పొదల మలుపు తిరిగాడో లేదో, వెనకనుంచి ఆవిడ గొంతు ఖంగుమంది.

“ఏమండోయ్! ఆ పొదలోంచి ఇవతలికొచ్చి గాలం వేసుకోండి! పోయిన వారం ఇక్కడ కూర్చున్నాయనంత తొందరగా ఈయన కదల్లేదు గానీ, మొత్తానికి లేపాను!”