గుంట బాకీ

కాళ్లు అబద్ధం చెబుతాయా, కాగితం అబద్ధం చెబుతుందా? ల్యాబ్ టెక్నీషియన్‌ని నాలుగేళ్లుగా తొలుస్తున్న సందేహం ఇది.

సాయంత్రమయ్యేసరికి భార్య పాదాలు ఉబ్బేవి. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయేది. కాగితం మాత్రం ఆమె మూత్రపిండాలు బంగారంలా ఉన్నాయనేది. ఆ కాగితం ఎవరో ఇచ్చింది కాదు. మూణ్ణెల్లకోసారి ఆమె రక్తం తీసి, తన చేత్తో తనే చేసిన పరీక్ష.

"మీరే చూశాక ఇంకెవరికి చూపించాలండీ? పొద్దస్తమానం నిలబడితే వాపు రాదూ!" అని ఆమే కొట్టిపారేసేది.

పోయిన వారం వంటింట్లో కూలబడింది. పెద్దాసుపత్రి డాక్టరు రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"రెండు కిడ్నీలూ పోయాయి. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?"

అతని సంచిలో పదహారు కాగితాలున్నాయి. ఒక్కటీ బయటికి తీయలేకపోయాడు.

పరీక్ష బ్రహ్మవిద్యేం కాదు. రక్తంలో సిస్టాటిన్-సి అని ఒక ప్రోటీన్ ఉంటుంది. మూత్రపిండాలు బాగుంటే అది ఎప్పటికప్పుడు తొలగిపోతుంది. చెడితే రక్తంలోనే పేరుకుంటుంది. ప్లేటులో తొంభై ఆరు చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగునా ఆ ప్రోటీన్‌ని పట్టుకునే పూత ఉంటుంది. రక్తపు తేట పోసి, కడిగి, రంగు మందు వేస్తే పసుపు తేలుతుంది. ఎంత ముదురు పసుపైతే అంత చెడ్డ వార్త. ఆ పసుపుని మెషీన్ అంకె చేసి చెబుతుంది.

అంకెని నమ్మాలంటే ముందు మెషీన్‌ని సరిచూడాలి. అందుకని జబ్బు లేని మనిషి రక్తపు తేటతో ఒక సీసా ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని మంచి సీసా అంటారు. కంపెనీ సీసా దండగని ఓనరు దాన్ని ల్యాబ్‌లోనే తయారు చేయించేవాడు. ప్రతి సోమవారం అది సున్నా పాయింట్ తొమ్మిది చూపించేదాకా మెషీన్‌ని సర్దాలి. ఈ నాలుగైదేళ్లుగా ప్రతిసారీ ఇంకాస్త కిందికి దించాల్సి వస్తోంది.

"ముసలి మెషీన్ కదయ్యా, ఉన్నదానికి నాలుగు కలిపి చెబుతుంది, మా అత్తగారిలా. దించుకో," అనేవాడు ఓనరు.

దించుకునేవాడు. దాంతోపాటే అందరి అంకెలూ దిగేవి. ఆ ల్యాబ్ హస్తవాసి మంచిదని పేరు. అక్కడ చేయిస్తే అంతా బాగుందనే వస్తుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు.

ఇవాళ అతను దణ్ణం పెట్టుకోకుండానే మెషీన్ స్విచ్ వేశాడు. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. కంపెనీ సీలు వేసిన మంచి సీసా తెప్పించి, దాంతో మెషీన్‌ని సరిచేశాడు. ఫ్రీజర్‌లో దాచిన భార్య రక్తపు తేటలు పదహారూ వరసగా గుంటల్లో పోయడానికి సిద్ధం చేశాడు. తప్పు తన చేతిదో, మెషీన్‌దో తేలాలి. తేలినా ఆమెకి ఒరిగేదేమీ లేదని తెలుసు.

ఆయమ్మ గది ఊడుస్తూ వచ్చింది. పదకొండేళ్లుగా ఆ ల్యాబ్ ఊడ్చేది ఆవిడే. సోమవారాలు మాత్రం ఎడమ మోచెయ్యి మడుచుకుని ఒంటిచేత్తో ఊడుస్తుంది. ఇవాళ బుధవారం.

"అమ్మాయికెలా ఉంది బాబూ?"

"ఏముంది ఆయమ్మా. ఇక అంతే."

చీపురు ఆగింది. అతన్ని నవ్వించాలనో ఏమో, ప్లేటులోకి తొంగిచూసింది.

"అబ్బో, ఎన్ని గుంటలు ఖాళీ! నాకో గుంట బాకీ ఉన్నావు, గుర్తుందా? ఖాళీ గుంట మిగిలితే నీకూ పరీక్ష చేస్తానని నేను చేరిన కొత్తలో అన్నావు. ఏళ్లు గడిచిపోయాయి. ఆ పెద్ద గుంటలోకి పోకముందే ఇచ్చెయ్ బాబూ."

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

"గుండ్రాయికి నాలుగు మెట్లెక్కితే ఆయాసమెందుకట?"

అని స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. నరం కోసం అతను వెతకాల్సిన పని లేకపోయింది.

మధ్యాహ్నానికి రంగు తేలింది. భార్యవి పదహారు గుంటలు. మొదటిదే పసుపుగా ఉంది. ఆపైన ఒక్కొక్కటీ ముదురుతూ పోయాయి. పదిహేడో గుంట ఆయమ్మది. అన్నిటికన్నా అదే ముదురు.

మెషీన్ కాగితం కక్కింది. నాలుగేళ్ల కిందటి గుంట ఒకటిన్నర అంది. ఆఖరి గుంట నాలుగు పాయింట్ రెండు అంది. కాళ్లే నిజం చెప్పాయి. దేవుడు కాళ్ల చేత చెప్పించాడు, తను వినలేదు.

పదిహేడోది నాలుగు పాయింట్ ఆరు.

"నాదెలా ఉంది బాబూ? రాయేనా?"

అతను ఆవిడ అంకె వరకూ చింపి చేతిలో పెట్టాడు. ఆయమ్మకి చదువు రాదు. ఆ ముక్కని కళ్లకద్దుకుంది.

"పోన్లే, బాకీ తీర్చేశావు," అని కొంగున ముడేసుకుని, చీపురు అందుకుంది.

పదకొండేళ్లుగా ప్రతి సోమవారం ల్యాబ్ మంచి సీసా నిండింది ఆవిడ ఎడమ చేతి రక్తంతోనే.