అర చుట్టు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మారక్క, ఆమె భర్త దొడ్డప్ప, కొడుకు చెన్నరాయప్ప, నడింట్లో నొప్పులు పడుతున్న కోడలు చిన్నమ్మ.

పోయినసారి కాన్పు ఇంట్లోనే జరిగింది. బిడ్డ దక్కలేదు.

అందుకే ఈసారి గురుబరపల్లికి కొత్తగా వచ్చిన నర్సమ్మను పిలుచుకు రావాలని చెన్నరాయప్ప పట్టుబట్టాడు. ఆ నర్సమ్మను వీళ్ళ ఊళ్ళో ఇంకా ఎవరూ చూడలేదు.

మారక్క సరేనంది. కానీ గట్టిగా చెప్పింది.

“నొప్పులు మొదలైనాయని దోవలో ఎవరికీ చెప్పొద్దు. బయటోళ్ళ చెవిన పడితే కాన్పు కష్టమవుతాది.”

చిన్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుని పడుకుంది. గొంతు వీధిలోకి వినపడకూడదని అత్త మాట.

తీరా చూస్తే మోటారు సైకిలు మొరాయించింది. ఇరవై కిక్కులకు ఒకసారి స్టార్టవుతుంది. యాక్సిలరేటరు వదలగానే చచ్చిపోతుంది. చెన్నరాయప్ప ప్లగ్గు తుడిచాడు. కార్బురేటరు పక్కనున్న స్క్రూను గోటితోనే అటూ ఇటూ తిప్పాడు. లాభం లేదు.

“నడిచి పోయుంటే ఈ పాటికి చేరుంటావు కదప్పా” అన్నాడు దొడ్డప్ప అరుగు మీద నుంచి.

“పోయేదానికి నడిచి పోతా. వచ్చేటప్పుడు ఆమెను భుజాన మోసుకు రావాల్నా?”

వీధిలో పోతున్న ఒకామె ఆ మోత విని ఆగింది. ముప్పై ఏళ్ళుంటాయి. వెలిసిన నూలు చీర, భుజాన గుడ్డసంచి, మోకాళ్ళ దాకా దుమ్ము.

“ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్క్రూ తిప్పితే నిలవదన్నా. ముందు వేడెక్కనీ.”

“నీకెట్ల తెలుసమ్మా?”

“మా నాయనకి హోసూర్లో షెడ్డు ఉండె. స్కూలు నుంచి వస్తానే స్పానర్లు అందిచ్చేది నేనే.”

దొడ్డప్ప పకపకా నవ్వాడు. “గాజులమ్మే ఆమె అనుకుంటి. మేస్త్రీ వచ్చిందిరా!”

“స్క్రూడ్రైవరు కూడా లేదు తల్లీ” అన్నాడు చెన్నరాయప్ప.

“పావలా బిళ్ళ ఉండాదా? చాలు.”

బండి స్టార్టు చేసి, యాక్సిలరేటరు సగం తిప్పి పట్టుకోమంది. ఐదు నిమిషాలు. అతను మాటిమాటికీ ఇంట్లోకి చూస్తున్నాడు. బండి మోతలో లోపలి చప్పుడు ఏదీ వినపడలేదు.

“అంత తొందరేమన్నా?”

“ఒకర్ని పిల్చుకు రావాల.”

“ఎవర్ని?”

గుమ్మంలో మారక్క కళ్ళెర్ర చేసింది.

“చుట్టాన్ని” అన్నాడు చెన్నరాయప్ప తలవంచుకుని.

ఆమె మళ్ళీ అడగలేదు. స్క్రూ గాడిలో పావలా బిళ్ళ పెట్టి లోపలికి అర చుట్టు తిప్పింది. ఇంజను గట్టిగా అరిచింది. కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పింది. తర్వాత సగం నీళ్ళున్న గ్లాసు అడిగి సీటు మీద పెట్టించింది.

“నీళ్ళు ఎగిరిపడితే స్పీడు ఎక్కువైనట్ల. ఇంజను దగ్గి ఆగిపోతే తక్కువైనట్ల. నీళ్ళు సన్నంగా వణకాల, అంతే. ఇప్పుడు చెయ్యి తియ్యన్నా.”

అతను భయం భయంగా చెయ్యి తీశాడు.

ఇంజను ఆగలేదు. గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

చెన్నరాయప్ప కళ్ళు చెమర్చాయి. “నీ మేలు మర్చిపోను చెల్లెమ్మా” అని బండెక్కాడు. దుమ్ము లేపుకుంటూ గురుబరపల్లి దోవ పట్టాడు.

దొడ్డప్ప ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి చేను దగ్గరికి పోయాడు. మారక్క ఒక చెంబు నీళ్ళు తెచ్చి, తగలకుండా పైనుంచి ఆమె చేతుల మీద పోసింది.

ఇప్పుడు వీధి నిశ్శబ్దంగా ఉంది. లోపలి నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది.

ఆమె చేతులు రుద్దుకోవడం ఆపింది.

“లోపల ఎవరికమ్మా బాగలేదు?”

“ఎవరికీ ల్యా. పిల్లి.”

“పిల్లి కాదమ్మా. మనిషి మూలుగు అది.”

“మా ఇంటి మూలుగులు నీకేల? బండి బాగు చేస్తివి, సంతోషం. ఇంక నీ దోవన నువ్వు పో తల్లీ.”

మూలుగు మళ్ళీ వినపడింది. ఈసారి పెద్దగా. ఆమె తడి చేతులతోనే సంచి అందుకుని గడప దగ్గరికి వచ్చింది.

“నన్ను లోపలికి రానీమ్మా! నేను…”

“మసి చేతులతో మా గడప తొక్కుతావా?”

ఆమె నోటి మాట పూర్తికాక ముందే, కొడుకు ఎవరి కోసం పరుగున పోయాడో ఆ నర్సమ్మ మొహం మీదే మారక్క తలుపు మూసి గడియ పెట్టింది.