ఒవిటి సొంత ఇల్లు

"శవాన్ని అక్కడే ఆపండి," అన్నాడు నికనోర్, చేతికర్ర అడ్డం పెట్టి. "ముందు ఇల్లు చూపించండి. ఇల్లు లేని మగాణ్ణి ఎవరి గుమ్మం పక్కన పూడ్చమంటారు?"

బండి ఆగింది. దాని వెనకే ఇరవై బస్సులూ ఆగాయి.

బాబాయి ఆ మాట అంటాడని అపోండికి ముందే తెలుసు. అయినా అంతమందిలో వినేసరికి తల కొట్టేసినట్టయింది. పోయింది ఆమె తండ్రి, ఎలిషా ఒవిటి. కెన్యాలో కిసుము ఊరి చివర కొడియెరె పేటలో మూడు వందల రేకుల ఇళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయంటే అది ఆయన చలవే. ఆ నేల మాదంటూ ఒక కంపెనీ ఇరవై ఏళ్ళుగా యంత్రాలు పంపుతూనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆయన వాటిని తిప్పి పంపుతూనే ఉన్నాడు.

అలాంటి మనిషికి సొంతూళ్ళో ఉన్నది మోకాలెత్తు గడ్డి.

"కోప్పడకు పెద్దాయనా," అంటూ పేట కార్యదర్శి ఒచియెల్ బస్సు దిగాడు. "మీ ఆచారం మాకు తెలీదా? మేమూ మీలా లువో తెగవాళ్ళమే కదా. ఇల్లు వెంట తెచ్చుకున్నాం."

బస్సుల నెత్తి మీంచి కర్రలు దిగాయి, రేకులు దిగాయి, మేకుల డబ్బాలు దిగాయి. ఆడవాళ్ళు గడ్డి పీకారు. మగవాళ్ళు గుంటలు తవ్వారు. పిల్లలు నీళ్ళు మోశారు. పేట పేటంతా అక్కడే ఉంది. బస్సులు మాట్లాడింది అపోండే. ముసలివాళ్ళూ, మంచాన ఉన్నవాళ్ళూ కూడా రావాలని వారం రోజులు గడప గడపకీ తిరిగి బతిమాలింది. కూతురంటే అలా ఉండాలని అందరూ మెచ్చుకున్నారు.

ఇల్లు లేస్తుండగానే మైకు పెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి ఆయన గురించి చెప్పారు.

"ఈ మహానుభావుడు నన్ను నా పెళ్ళికి కూడా అందరితో కలిసి వెళ్ళనివ్వలేదు," అన్నాడు ఒచియెల్. "మనిషి లోపలుండగా ఇల్లు కూల్చే దమ్ము ఏ డ్రైవరుకీ లేదురా, ఇంటికొకరు ఉండాల్సిందే అనేవాడు. మా అమ్మని ఇంటికి కాపలా పెట్టి నేనొక్కణ్ణే వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చా. ఆవిడ ఇప్పటికీ సాధిస్తోంది!"

జనం ఏడుస్తూనే నవ్వారు. "మా అందరికీ నాన్న," అని ఎవరో అరిచారు.

అపోండి పళ్ళు బిగించింది. అందరికీ నాన్నే. చిన్నప్పుడు వానాకాలం బురదలో బడిదాకా భుజాల మీద మోసింది ఆమె ఒక్కదాన్నే. జడ వంకరగా వేసి, అదే అందమని నమ్మించింది ఆమె ఒక్కదాన్నే. ఆ తండ్రిని ఆమె ఎంత నమ్మిందంటే, కుట్టుమిషన్ మీద నాలుగేళ్ళు నడుం విరగ్గొట్టుకుని కొన్న నలభై రేకులు ఆయన చేతికే ఇచ్చింది.

"అమ్మకి ఊళ్ళో ఇల్లు కట్టు నాన్నా. మంచాన పడింది. తన గుమ్మంలో కన్ను మూస్తానంటోంది."

"కట్టేశానమ్మా," అన్నాడాయన ఆర్నెల్ల తర్వాత. "రెండు గదులు. తలుపుకి నీలం రంగు వేయించా."

అమ్మ ఆ నీలం తలుపు గురించి మాట్లాడుతూనే పోయింది. శవంతో వచ్చి చూస్తే ఇదే గడ్డి. అమ్మని బాబాయి పెరట్లో, పరాయి ఆడదానిలా పూడ్చారు. రేకులేవి నాన్నా అని అడిగితే అప్పుడు చెప్పాడు నిజం. ఆ ఏడాది మనుషులు లేని వేళ చూసి కంపెనీ కూల్చితే, మళ్ళీ లేచిన నలభై కొంపల మీదికి ఎక్కాయవి.

ఆ రోజునుంచి తండ్రితో ఆమె మాట్లాడలేదు. నాలుగేళ్ళు. వండి పెట్టింది, బట్టలుతికింది, చివర్లో మందులు పోసింది. మాట మాత్రం ఇవ్వలేదు.

మెలెన్యా అవ్వ ఒక పాత రేకుని ఈడ్చుకుంటూ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి.

"ఇది కూడా వేయండ్రా. మా వంటింటి మీదది."

"అవ్వా, ఇంటి మీద రేకు పీక్కొచ్చావా?" అంది అపోండి.

"పీక్కొస్తే ఏంటంట! నాల్రోజులు ఆకాశం చూస్తూ వండుకుంటాలే. ఇది మీ అమ్మ రేకేనే పిల్లా. మీ నాన్న ఇచ్చిన రోజే చెప్పాడు. తిరిగివ్వాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నోరు రాలేదు." అవ్వ ఆమె చెంప నిమిరింది. "కోపం వదిలెయ్యవే తల్లీ. పోయినోడి మీద పగేంటి?"

అపోండికి ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. పేటవాళ్ళు తెలిసే తీసుకున్నారు. అమ్మ చావు కబురు విని కూడా ఆ రేకుల కిందే పడుకున్నారు. ఒక్కరూ వచ్చి చెప్పలేదు.

మధ్యాహ్నానికి చివరి రేకు ఎక్కింది. నికనోర్ చుట్టూ తిరిగి చూసి, గోడ మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టి, తల ఊపాడు.

"ఇల్లే. తీసుకురండి నా అన్నని."

ఎవరో పాట ఎత్తుకున్నారు. మూడు వందల ఇళ్ళవాళ్ళూ గొంతు కలిపారు. పెట్టె వాళ్ళ చేతుల మీదుగా కొత్త ఇంట్లోకి వెళ్ళింది.

"నువ్వూ రా చెల్లీ," అని పిలిచాడు ఒచియెల్. "ముందు నువ్వుండాలి."

"ఒక్క నిమిషం అన్నా, వచ్చేస్తున్నా."

అపోండి కళ్ళు తుడుచుకుని ఇంటి వెనక్కి నడిచింది. పాట వినపడనంత దూరం వెళ్ళి, ఫోన్ తీసి, నెమ్మదిగా అంది:

"అందరూ ఇక్కడే ఉన్నారు సార్, పేటలో పసిపిల్ల కూడా లేదు, మీ యంత్రాలు పంపించుకోండి."