చెవి వెనక బిళ్ళ

ఇందుమతి మెడ మీది గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపినరోజే, ల్యాబు వాళ్ళు ఆమెకీ భర్త సాంబమూర్తికీ చెవి వెనక నిబ్బరం బిళ్ళలు అంటించారు. ఈ రోజుల్లో అందరికీ అంటిస్తారు. రిపోర్టు కోసం ఎదురుచూసినన్నాళ్ళూ భయం ఉండదు. నిద్ర పడుతుంది, అన్నం సహిస్తుంది. రిపోర్టు రాగానే పీకెయ్యాలి.

ఈ ఉదయం దంపతులిద్దరూ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి మీరాబీ, బల్ల మీద ఎర్రగా వెలుగుతున్న ఫోను చూసింది.

"అయ్యో, రిపోర్టు వచ్చి తొమ్మిది రోజులైంది గదమ్మా! వెంటనే రమ్మని రాసుందే!"

"అవును పిన్నీ, చూశాం," అంది ఇందుమతి.

"చూసి?"

"వెళ్ళాలి," అన్నాడు సాంబమూర్తి ఈనె లాగుతూ. "ఇవాళ కాకపోతే రేపు."

మీరాబీ గిన్నె బల్ల మీద పెట్టేసి ఇందుమతి చెయ్యి పట్టుకుంది. "నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. లే తల్లీ, ఆటో పిలుస్తా."

ఆమెను చూస్తే ఇందుమతికి జాలేసింది. లోపలికెళ్ళి, ల్యాబు వాళ్ళిచ్చిన డబ్బాలో మిగిలిన బిళ్ళ తెచ్చి, ఆమె చెవి వెనక మెల్లగా అంటించింది.

కాసేపటికి మీరాబీ కూడా చాప మీద కూర్చుని గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

"లేతగా ఉన్నాయమ్మా," అంది. "ఎక్కడ కొన్నారు?"