తాగాడనే రాయండి

డాక్టరు దొర నా మొగుడి నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు.

పినాంగ్ రేవులో సారా ఎవరిని ఎంత పాడుచేస్తోందో తేల్చమని సర్కారు ఆయన్ని పంపింది. తాగిన మొగుళ్లను పట్టుకుని పెళ్లాలందరం వరసలో నిలబడ్డాం. తూలుతున్న నా మొగుడు బూన్ టెయిక్‌ను నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"తాగనప్పుడు బంగారం దొరా. తాగొస్తే మాత్రం నన్ను గైక్ సిమ్ అని పిలుస్తాడు," అన్నాను.

"ఎవరామె?"

"రేవు దగ్గర పిండివంటలు అమ్ముతుంది. మొహాన పౌడరు, కొప్పులో పూలు. దాని దగ్గర ఏముందని ఎగబడతారో నాకైతే తెలీదు. తెల్లారి అడిగితే, తాగినోడి మాట పట్టుకుంటావేంటే అంటాడు. అదీ నిజమే కదా. తాగుడు మాన్పించండి దొరా, దాని పేరూ పోతుంది."

దొర అతని చేతులు చాపించి చూశాడు. కనురెప్పలెత్తి చూశాడు. పొట్ట నొక్కాడు. చివరికి చొక్కా వాసన చూసి నవ్వాడు.

"సారా చొక్కా మీదే ఉందమ్మా. నోట్లో చుక్క లేదు. ఇతనికి అసలు తాగే అలవాటే లేదు. అదృష్టవంతురాలివి."

వెనకున్న ఆడవాళ్లు కుళ్లుకున్నారు. "ఏ దేవుడికి మొక్కావే తల్లీ," అంది ఒకామె.

బూన్ టెయిక్ తూలడం మానేశాడు. నా వైపు చూడలేదు.

"ఇంకోసారి చూడండి దొరా," అన్నాను. "తాగే ఉంటాడు. తాగాడనే రాయండి."