పెరట్లో దవడ

ధర్మవరంలో ఓబులేసు మగ్గాల ఇంట్లో ఎనిమిది పట్టుచీరలు పోయిన మూడో రోజు, పెనుకొండ హెడ్ కానిస్టేబుల్ ఈశ్వరప్ప తన ఊళ్ళోనే ఉండే బట్టల వ్యాపారి అంజనప్ప ఇల్లు సోదా చేసేదానికి పోయినాడు. దొంగతనం జరిగిన రోజు అంజనప్ప ఓబులేసు వీధిలో తిరిగినాడని ఎవరో చెప్పినారు.

అది అరవై రెండో సంవత్సరం. అప్పటికి పన్నెండేళ్ళ సర్వీసులో ఈశ్వరప్ప పట్టుకున్నది ఒకే ఒక మేకల దొంగను. వాడు కూడా దారి తప్పి స్టేషన్లోకి వచ్చినవాడేనని ఆయనే చెప్పి నవ్వేవాడు.

ముందు గది వెదకడం అయిపోయింది. లోపలి గదిలోకి పోబోతుంటే అంజనప్ప చూపు మాటిమాటికీ పెరటి వైపు పోతూంది. పెరట్లో ఒక మూల మట్టి పచ్చిగా, కొత్తగా ఉంది.

"ఏమప్పా, ఆడ ఏం పూడ్చినావు?"

"ఏం లేదు సార్, చెత్త."

"నీ పెండ్లాం యాడ?"

"నీలావతి పుట్టింటికి పోయిండాది సార్, బెంగుళూరుకు."

ఈశ్వరప్ప లోపలి గది వదిలేసి పార అందుకున్నాడు. మూరెడు లోతులో ఎముక తగిలింది. మట్టి దులిపి చూస్తే దవడ. ముందర కొరికే పండ్లు, వెనక గుండ్రటి నమిలే పండ్లు, అచ్చం మనిషివి మాదిరే వరసగా ఉన్నాయి. చీరల సంగతి అప్పుడే మరిచిపోయినాడు. దవడ చిన్నదే. అయితే నీలావతి కూడా పొట్టి మనిషే కదా అనుకున్నాడు.

అంజనప్పను లాకప్పులో పెట్టి, దవడను చేతిగుడ్డలో మూట కట్టుకొని హిందూపురం బస్సెక్కినాడు. డాక్టరుకు చూపిస్తే పేరంతా డాక్టరుకే పోతుందని, హైస్కూల్లో సైన్సు చెప్పే పౌలు మాస్టారి దగ్గరికి పోయినాడు. దారి పొడుగునా ప్రమోషనే కళ్ళముందర కదిలింది.

పౌలు దవడను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసినాడు.

"ఆడమనిషిదేనా సార్?" అని గొంతు తగ్గించి అడిగినాడు ఈశ్వరప్ప.

"ఆడదో మగదో పండ్లు చూసి చెప్పలేమప్పా. ఈ కుటుంబంలో కొన్ని మగవిగా పుట్టి, పెద్దయినాక ఆడవి అయితాయి."

ఈశ్వరప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంజనప్ప కుటుంబంలోనా సార్?"

"చేపల కుటుంబంలో. ఇది సముద్రపు చేప, సీ బ్రీమ్ అంటారు. గుల్లలు, పీతలు నమిలి తింటాది. అందుకే ఇట్లాంటి పండ్లు. మదరాసులో చదివేటప్పుడు చాలా తిన్నాను."

ఈశ్వరప్పకు ఏదీ దాచుకునే గుణం లేదు. తిరిగొచ్చే బస్సులోనే నలుగురికీ చెప్పి, వాళ్ళతో పాటు తానూ నవ్వినాడు. ఇంట్లో భార్య రత్నమ్మ అన్నం వడ్డిస్తూ, "కూరలో ఎముక తగిలితే చెప్పు, కేసు రాసుకుందువు" అన్నది.

మరునాడు పొద్దున అంజనప్ప లాకప్పు నుంచి బయటికొచ్చి ఏడ్చినాడు. "పెండ్లాన్ని చంపినోడని ఊరంతా చూస్తాండారు సార్. ఈడ ఉండలేను. ఆమె దగ్గరికే పోతా."

ఈశ్వరప్పకు ప్రాణం ఉసూరుమనింది. చీరల కోసం రైల్వే స్టేషన్ గేటు దగ్గర కానిస్టేబుళ్ళు ప్రతి పెట్టె విప్పించి చూస్తున్నారు. ఇతన్ని ఇంకో మారు నలుగురిలో అవమానించడం ఎందుకనిపించింది. అంజనప్ప ట్రంకుపెట్టెను తానే నెత్తిన పెట్టుకొని, కానిస్టేబుళ్ళను పక్కకు జరగమని, బెంగుళూరు రైలు ఎక్కించినాడు.

"నా తెలివికి నేనే గుంజీలు తీయాల. ఏమీ అనుకోవద్దప్పా" అని కిటికీలో నుంచి అతని చేతులు పట్టుకున్నాడు.

పది రోజులకు బెంగుళూరు పోలీసుల దగ్గర నుంచి కన్నడంలో ఒక వాంగ్మూలం వచ్చింది, అక్కడ చీరలు అమ్మబోయి దొరికినవానిది. స్టేషన్లో కన్నడం చదవగలిగింది ఈశ్వరప్ప ఒక్కడే. ఎస్సై ఎదురుగా కూర్చోబెట్టుకొని తెలుగులో చెప్పమన్నాడు.

"ఎనిమిది చీరలూ నేనే ఎత్తుకొచ్చినాను. లోపలి గదిలో పెట్టినాను. నా పెండ్లాం ముందెప్పుడో బెంగుళూరు మార్కెట్లో కొని తెచ్చిన చేప దవడ దాచిపెట్టి, పోలీసు తవ్వేదానికే పెరట్లో పూడ్చినాను." ఈశ్వరప్ప పుట తిప్పినాడు. "చీరలు ట్రంకుపెట్టెలో సర్దినాను. ఆ పెట్టెను గేటు దాటించి రైలెక్కించింది..."

అక్కడ ఆగిపోయినాడు.

"చదువప్పా" అన్నాడు ఎస్సై, పెన్ను మూత తీసి. "దొంగకు తోడుపోయినోని పేరు చెప్పు, ఈ పొద్దే లోపలేద్దాం."

"నేనే సార్" అన్నాడు ఈశ్వరప్ప.